వరి ఎల్ఏఐ: కోసి కొలిస్తే 5.3, కడ్డీ పెట్టి కొలిస్తే 2.8. తప్పెక్కడ?

చిరుపొట్ట రాశారు:

నల్గొండ జిల్లాలో రైతు పొలం. ఎంటీయూ 1010 వరి రకం, సాలుకు సాలుకు 20, కుదురుకు కుదురుకు 15 సెం.మీ., జులై మొదటి వారంలో నాటు పడింది. ఆగస్టు 27న, పైరు పొట్ట మీద ఉండగా, ఆకు విస్తీర్ణ సూచిక, అదే ఎల్ఏఐ (చదరపు మీటరు నేల మీద ఎన్ని చదరపు మీటర్ల ఆకు ఉందో చెప్పే అంకె), రెండు పద్ధతుల్లో తీశాను. రెండింటికీ పొంతనే లేదు.

మొదటిది కోత పద్ధతి. 5 కుదుళ్ళు పీకి, ప్రతి పచ్చాకు పొడవు, వెడల్పు కొలిచి 0.75తో గుణించాను. కుదురుకు సగటున 63 ఆకులు, 1,606 చ.సెం.మీ. చదరపు మీటరుకు 33 కుదుళ్ళు కాబట్టి 1,606 × 33 ÷ 10,000 = 5.3.

రెండోది పైరు పైన, అడుగున వెలుగు కొలిచే కడ్డీ పరికరం, ఆక్యుపార్ ఎల్‌పీ-80. మధ్యాహ్నం 12 నుంచి 12:30 లోపు, ఎండ కాస్తున్నప్పుడు. పైరు పైన 1,800, అడుగున 400 మైక్రోమోళ్ళు. కడ్డీని సాళ్ళకు అడ్డంగా, నీటికి నాలుగు వేళ్ళ ఎత్తున పట్టాను. 10 చోట్ల సగటు. తెర మీద ఎల్ఏఐ 2.8 అని వచ్చింది. సెట్టింగులు ఏవీ ముట్టుకోలేదు.

సెన్సర్ పాడైందేమోనని గట్టు మీద ఆరుబయట కడ్డీనీ, బయటి సెన్సర్‌నీ పక్కపక్కన పెట్టి చూశాను. తేడా 2 శాతం లోపే. అసలు కడ్డీకి ఆకులే కాదు, కాండాలూ తొడుగులూ కూడా అడ్డం వస్తాయి. లెక్క ప్రకారం దాని అంకె ఎక్కువ రావాలి. సగానికి ఎందుకు పడిపోయింది?

ఇంకో చిన్న సంగతి. సెంటినెల్-2 ఎన్‌డీవీఐ (ఉపగ్రహ బొమ్మల నుంచి తీసే పచ్చదనం సూచిక) ఆగస్టు 10 నుంచి 0.82 దగ్గరే నిలబడిపోయింది. పైరు మాత్రం పెరుగుతూనే ఉంది. ఇది మామూలేనా?

ఎండకడ్డీ రాశారు:

సెన్సర్ బాగానే ఉంది. మీరు ముట్టుకోని సెట్టింగులోనే ఉంది తిరకాసంతా.

ఎల్‌పీ-80కి ఆకు కనపడదు. పైన ఎంత వెలుగుంది, కింద ఎంత మిగిలింది, దానికి తెలిసింది ఇంతే. మీ మడిలో 400 ÷ 1,800 = 0.222, అంటే 22 శాతం వెలుగు అడుగుకు చేరింది. 1953లో జపాన్‌లో మోన్సి, సాయెకి పైరుకు అన్వయించిన సూత్రం ప్రకారం ఈ నిష్పత్తికి సహజ లాగరిథం తీసి, గుర్తు మార్చి, పైరులోకి దిగేకొద్దీ వెలుగు ఎంత వేగంగా తగ్గుతుందో చెప్పే కె అనే గుణకంతో భాగిస్తే ఎల్ఏఐ వస్తుంది. పేచీ అంతా ఆ కె తోనే. సూర్యుడు ఎంత ఎత్తున ఉన్నాడు, ఆకులు ఎంత నిటారుగా ఉన్నాయి అన్న రెండింటిని బట్టీ అది మారిపోతుంటుంది.

ఆకు వాలును పరికరం కై అనే అంకెగా అడుగుతుంది. మనం చెప్పకపోతే 1 అనుకుంటుంది. అంటే ఆకుల్ని ముక్కలు చేసి ఒక బంతి చుట్టూ అతికిస్తే ఎన్ని కోణాలుంటాయో, పైరులోనూ అన్ని కోణాలున్నాయని దాని ఊహ. పొట్టి వరి రకాలు పొట్ట దశలో అలా ఉండవు, ఆకులు నిక్కబొడుచుకుని ఉంటాయి. నేలతో సగటు కోణం 57 డిగ్రీలైతే కై దాదాపు 1. అదే 70 డిగ్రీలైతే కై 0.5కి దిగుతుంది.

ఇప్పుడు తేదీ చూడండి. 17 డిగ్రీల అక్షాంశం దగ్గర ఆగస్టు 27 మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి 7 డిగ్రీల దూరంలోనే ఉంటాడు. ఆ కోణానికి కై 1 అయితే కె 0.50, కై 0.5 అయితే కె 0.30. సూర్యుడు నడినెత్తి నుంచి 30 డిగ్రీలు దిగినప్పుడు అవే 0.58, 0.45. 57 డిగ్రీలు దిగినప్పుడు 0.93, 0.96. చివరి జత చూశారా, రెండూ దాదాపు ఒకటే. ఆ కోణం దగ్గర ఆకు నిటారుగా ఉన్నా, వాలి ఉన్నా కె పెద్దగా మారదు.

నిటారు ఆకుల సందుల్లోంచి నడినెత్తి ఎండ సూటిగా బురదలోకి దిగిపోతుంది. ఇంత ఎండ దిగిందంటే ఆకు తక్కువుందని పరికరం తేల్చేస్తుంది. ఎల్‌పీ-80 లెక్కలో నేరు ఎండ, చెదిరిన వెలుగు విడివిడిగా ఉంటాయి కాబట్టి దెబ్బ కాస్త మెత్తబడుతుంది. నేరు ఎండ వాటా 0.8, ఆకు శోషణ 0.9 పెట్టి మీ 0.222తోనే లెక్క వేశాను. కై 1కి 2.8 వచ్చింది, అచ్చం మీ తెర మీది అంకె. కై 0.5కి 4.3.

అలాగని కోత అంకెకు సరిపోయేదాకా కై ని తిప్పుకుంటూ పోకండి. కొలవండి. కోణమానిని మధ్యలో దారం కట్టి చిన్న బరువు వేలాడదీస్తే పరికరం సిద్ధం. ఐదు కుదుళ్ళలో అన్ని ఆకులూ తీసుకోండి. ఆకు మొదలు నిటారుగా, కొస వంగి ఉంటుంది కాబట్టి ఒక్కో ఆకును రెండు మూడు ముక్కలుగా ఊహించుకుని, ప్రతి ముక్క నేలతో చేసే కోణాన్ని దాని పొడవుతో తూచి సగటు తీయండి. ఆ సగటును రేడియన్లలోకి మార్చి, 9.65తో భాగించి, -0.6061 ఘాతానికి ఎత్తి, 3 తీసేస్తే కై. ఉదాహరణకి 70 డిగ్రీలంటే 1.222 రేడియన్లు. 9.65తో భాగిస్తే 0.1266, ఘాతం వేస్తే 3.5, మూడు పోగా 0.5.

ఈ కొలత తప్పించుకోవాలంటే సూర్యుడు 57 డిగ్రీలకు వచ్చే వేళ చూసుకోండి. మీ దగ్గర ఆగస్టు ఆఖరులో అది ఉదయం 8:15, సాయంత్రం 4:10 ప్రాంతం. ఎప్పుడు కొలిచినా ముందు పరికరంలో అక్షాంశం, రేఖాంశం, గడియారం సరిచూడాలి. వేరే దేశపు ఊరు అందులో ఉండిపోతే సూర్యుడి కోణమే తప్పు, ఆ తర్వాతి లెక్క ఎంత బాగుంటే మాత్రం ఏం లాభం.

తూకంపళ్ళెం రాశారు:

నింద మొత్తం కడ్డీ మీదికే తోసేశారు. ఆ 5.3 కూడా కడిగిన ముత్యమేం కాదు.

మొదట 33 కుదుళ్ళ సంగతి. అది 20 × 15కి పుస్తకం లెక్క. రైతు పొలంలో సుడిదోమ కోసం ప్రతి 2 మీటర్లకు 20 సెం.మీ. కాలిబాట వదులుతారు. అంటే పది సాళ్ళకు ఒక సాలు ఖాళీ. 33 × 10 ÷ 11 = 30. ఒక్క ముక్కతో 9 శాతం పోయింది. పైగా తాడు పట్టి నాటినా 15 సెం.మీ. ఎక్కడా కచ్చితంగా 15 ఉండదు. సాళ్ళకు అడ్డంగా 2.2 మీటర్లు, వాటి వెంట 1 మీటరు చట్రం పెట్టండి. అందులో ఒక బాట తప్పకుండా పడుతుంది. నాలుగు చోట్ల కుదుళ్ళు లెక్కపెట్టి 2.2తో భాగిస్తే అసలు సంఖ్య వస్తుంది.

రెండోది, కుదురు ఎంపిక. పీకడానికి వంగినప్పుడు చేయి బాగున్న కుదురు మీదికే పోతుంది, ఎవరిదైనా అంతే. ముందు ఏ మూల నుంచో ఎదురు మూలకు నడుస్తూ 25 కుదుళ్ళ పిలకలు లెక్కపెట్టండి. ఆ సగటుకు ఒక పిలక అటూ ఇటూగా ఉన్న కుదుళ్ళే పీకండి. పిలకలు లెక్కపెట్టకుండా 5 కుదుళ్ళతో తేల్చిన ఎల్ఏఐని నేనైతే లెక్కలోకి తీసుకోను.

మూడోది వెడల్పు. 0.75 వరికి బాగానే పనిచేస్తుంది. నారు దశలోనూ పంట పండే దశలోనూ 0.67 వాడాలి. కానీ గుణకం కంటే స్కేలే ఎక్కువ తప్పు చేయిస్తుంది. వరి ఆకు వెడల్పు 10 మి.మీ. చుట్టుపక్కల. స్కేలు మీద 1 మి.మీ. తప్పు చదివితే విస్తీర్ణంలో 10 శాతం తేడా. పీకిన కొన్ని నిమిషాల్లోనే అంచులు లోపలికి చుట్టుకుంటాయి. 10 ఉండాల్సింది 8గా కనిపిస్తే ఐదో వంతు ఆకు మాయమైనట్టే. కుదురును వేళ్ళతో, బురదతో సహా నీళ్ళ బకెట్లో పెట్టి తేవాలి. ఒక్కో ఆకును తొడుగు కలిసే చోట కోసి, తడి తుడిచి, వేలితో పరిచి, అన్నిటికంటే వెడల్పున్న చోట వెర్నియర్‌తో కొలవాలి. తొడుగు విస్తీర్ణంలో కలపకూడదు. సగానికి పైగా పండిన ఆకును పక్కన పెట్టి, కొస మాత్రమే పండితే ఆ ముక్క కత్తిరించేయాలి.

స్కానర్ ఉంటే ఈ బాధ సగం తగ్గుతుంది. 300 డీపీఐలో 1 సెం.మీ.కు 118.1 పిక్సెళ్ళు. ఇమేజ్‌జే  అనే బొమ్మలు కొలిచే సాఫ్ట్‌వేర్‌లో ఆ స్కేలు ఇచ్చి, బొమ్మను 8 బిట్‌లోకి మార్చి, త్రెషోల్డ్ (ఆకునూ వెనకటి తెలుపునూ విడదీసే హద్దు) పెట్టి, 0.5 చ.సెం.మీ. కంటే చిన్న చుక్కల్ని వదిలేయమంటే చాలు, ధూళి, వేరు ముక్కలు లెక్కలోకి రావు. రోజూ మొదట 10 × 10 సెం.మీ. నల్ల కాగితం ముక్క స్కాన్ చేయండి. 100కి బదులు 98 వచ్చిందంటే త్రెషోల్డ్ తప్పు పడింది. ఆకుల మీద నీటి చుక్క ఉంటే మెరుపు వచ్చి అక్కడ బొక్క పడినట్టు లెక్కిస్తుంది, అది ఎక్కువమంది గమనించరు.

స్కానర్ లేకపోతే పాత పద్ధతి ఉండనే ఉంది. ఆకును కాగితం మీద గీసి, కత్తిరించి తూచడం. 80 జీఎస్ఎం కాగితం చదరపు సెంటీమీటరుకు 8 మి.గ్రా., అంటే గ్రాముకు 125 చ.సెం.మీ. వానాకాలంలో కాగితం చెమ్మ పీల్చి బరువెక్కుతుంది కాబట్టి అదే కట్టలోంచి పూర్తి ఏ4 కాగితాన్ని కూడా అప్పటికప్పుడు తూచండి. దాని విస్తీర్ణం 623.7 చ.సెం.మీ., దాంతో నిష్పత్తి కట్టండి.

ఒక మాట. ఐదు కుదుళ్ళలో 315 ఆకులు కొలవడం వృథా శ్రమ. రెండు కుదుళ్ళ ఆకులే కొలిచి, 70 డిగ్రీల ఓవెన్లో 48 గంటలు ఆరబెట్టి తూచండి. గ్రాముకు ఎన్ని చ.సెం.మీ. అన్న నిష్పత్తి దొరుకుతుంది. మిగతా కుదుళ్ళ ఆకుల్ని ఆరబెట్టి తూచి ఆ నిష్పత్తితో గుణించండి. మిగిలిన టైముతో పది కుదుళ్ళు తీసుకోవచ్చు. నిష్పత్తిని మాత్రం ప్రతిసారీ కొత్తగా తీయాలి. పైరు ముదిరేకొద్దీ ఆకు మందం మారుతుంది, పోయిన పక్షం నిష్పత్తి ఈ పక్షానికి పనికిరాదు.

చిరుపొట్ట రాశారు:

మళ్ళీ మడిలోకి దిగి లెక్కపెట్టాను. 25 కుదుళ్ళ సగటు 14.5 పిలకలు. నేను పీకిన ఐదింటి సగటు 16, నోట్‌బుక్‌లో రాసి ఉంది. కాలిబాటలు ఉన్నాయి, తూర్పు పడమరలుగా. కడ్డీని మాత్రం బాటలో ఎక్కడా పెట్టలేదు, పైరు లోపలే.

5.3 × 14.5 ÷ 16 = 4.8. బాటల్ని కూడా లెక్కలోకి తీసుకుంటే 4.8 × 10 ÷ 11 = 4.4. కై 0.5తో కడ్డీ అంకె 4.3. అయితే రెండూ కలిసిపోయినట్టేగా?

ఎండకడ్డీ రాశారు:

తొందరపడకండి. కడ్డీ బాటలో పెట్టలేదన్నారు. అది చూసింది బాటలు లేని పైరునే. పోల్చాల్సింది 4.8తో. 4.4 అనేది ఎకరం మొత్తానికి చెప్పే అంకె.

4.8కీ 4.3కీ మధ్య తేడాకు కారణం కుదురే. సూత్రం ఆకులన్నీ చదరపు మీటరంతా ఎక్కడపడితే అక్కడ చెల్లాచెదురుగా ఉన్నాయనుకుంటుంది. నాటిన వరిలో ఆకులు గుత్తులుగా ఉంటాయి, గుత్తికీ గుత్తికీ మధ్య వెలుగు జారిపోతుంది. 4.3 ÷ 4.8 అంటే 0.9, గుత్తుల వల్ల ఆమాత్రం పోవడం సహజం. మీరన్న కాండాలు, తొడుగులు దీనికి ఎదురు దిశలో లాగుతాయి. కై 0.5 కూడా ఇంకా నా ఊహే, మీరు కొలవలేదు. ఆ అర పాయింటు కోసం ప్రాణం పెట్టనక్కర్లేదు.

దానికంటే ముఖ్యం, సగటు ఎలా తీశారన్నది. 10 చోట్ల అడుగు వెలుగును సగటు చేసి ఒకేసారి లాగరిథం తీస్తే పలచటి చోట్లు మొత్తాన్ని కిందికి గుంజేస్తాయి. ఒక చోట 0.30, ఇంకో చోట 0.02 దిగిందనుకోండి. సగటు 0.16, దాని లాగరిథం గుర్తు మారిస్తే 1.83. విడివిడిగా తీస్తే 1.20, 3.91, వాటి సగటు 2.56. మూడో వంతుకు దగ్గరగా తేడా! చోటు చోటుకీ ఎల్ఏఐ విడిగా తీసి, ఆ తర్వాతే సగటు కట్టండి. గుత్తుల తేడా కొంత అక్కడే సర్దుకుంటుంది.

గట్టుమీదచెట్టు రాశారు:

ఉదయం 8:15కి కొలవమన్న సలహా మీద ఒక అభ్యంతరం. ఆగస్టు ఆఖరులో ఆ వేళకు సూర్యుడు సరిగ్గా తూర్పున ఉంటాడు. ఈ పొలంలో బాటలు తూర్పు పడమరలు, అంటే సాళ్ళూ అటే. ఎండ సాలు వెంట దూసుకుపోతుంది. సాళ్ళు మూసుకుపోయిన పొట్ట దశలో పెద్ద ఇబ్బంది లేదు. నాటిన 25, 30 రోజుల పైరులో ఇదే పని చేస్తే ఎల్ఏఐ బాగా తక్కువ చూపిస్తుంది. ఆ వేళకు మంచు కూడా ఆరదు. ఆకు మీది మంచుకంటే కడ్డీ తెల్ల పట్టీ మీద పడే చుక్కలే ప్రమాదం. ప్రతి కొలతకీ పొడి గుడ్డతో తుడవాలి.

వానాకాలంలో నా ఓటు పూర్తి మబ్బుకే. నేరు ఎండ సున్నా అయితే ఎల్‌పీ-80 లెక్కలో కై ప్రసక్తే ఉండదు. శోషణ 0.9 దగ్గర లాగరిథాన్ని 1.16తో గుణించడమే. అయితే మబ్బు పల్చబడుతూ చిక్కబడుతూ ఉంటుంది. కాబట్టి పైకొలత ఒకసారి తీసి పది కింది కొలతలకు వాడితే కుదరదు. బయటి సెన్సర్‌ను కర్రకు కట్టి పైరు పైన నిలబెట్టి, రెండూ ఒకే క్షణంలో చదివించాలి. మీ పైరుకు పైన 600 ఉంటే అడుగున 15 చుట్టూ వస్తుంది. 3 అటూ ఇటూ అయినా ఎల్ఏఐలో 0.25 దాకా తేడా, భరించవచ్చు.

మడిలో కడ్డీ మట్టంగా నిలవదు. చివర కొద్దిగా వాలి నీట మునిగితే ఆ కొస సెన్సర్లు బురద నీటిలోంచి చూస్తాయి. కొస కింద పీవీసీ గొట్టంతో చేసిన చిన్న కాలు పెట్టండి. బురదలో దిగబడకుండా దాని అడుగున డబ్బా మూత ఒకటి.

నిప్పుకణిక రాశారు:

పరికరం లేనివాళ్ళు చదువుతుంటే, ఫోనుతోనూ 57.5 డిగ్రీల కిటుకు పనిచేస్తుంది. కెమెరాను పైరు అడుగు నుంచి పైకి, నిలువు నుంచి 57.5 డిగ్రీలు వంచి ఫోటో తీయాలి. బొమ్మలో ఆకాశం ఎంత శాతం కనిపించిందో దాని లాగరిథం తీసి గుర్తు మార్చి 1.07తో గుణిస్తే ఎల్ఏఐ. మిలన్ విశ్వవిద్యాలయం వాళ్ళ పాకెట్‌ఎల్ఏఐ ఆప్ చేసేది ఇదే, ఫోను ఆ కోణానికి రాగానే తనే క్లిక్ చేస్తుంది. దాన్ని వరి మీద కూడా పరీక్షించారు.

అయితే పైరు చిక్కబడ్డాక దీంతో కష్టం. ఆకాశం 2 శాతం కనిపిస్తే 4.2, 1 శాతం కనిపిస్తే 4.95. ఎక్స్‌పోజర్ ఒక మెట్టు ఎక్కువైతే తెల్లటి ఆకాశం సన్నటి ఆకు అంచుల్ని మింగేస్తుంది, 1 కాస్తా 2 అవుతుంది. ఆటోలో వదలకండి, ఆకాశం పూర్తిగా తెల్లబడకముందే ఆగేలా తగ్గించి పెట్టండి. నీలం ఛానెల్ ఒక్కటే తీసుకుని త్రెషోల్డ్ పెడితే ఆకు నల్లగా, ఆకాశం తెల్లగా విడిపోతాయి. ఎండ పడ్డ ఆకు మెరుస్తుంది కాబట్టి మబ్బు వేళో, పొద్దు గుంకే ముందో తీయాలి.

పైనుంచి కిందికి తీసే కనోపియో లాంటి ఆప్‌లు చెప్పేది పైరు నేలను ఎంత శాతం కప్పిందన్నది. అది ఎల్ఏఐ కాదు. 95 శాతం కప్పేశాక ఎల్ఏఐ 4 అయినా 6 అయినా దానికి ఒకటే. వరిలో ఇంకో ముప్పుంది. నీటి మీద పాచి, అజొల్లా పచ్చగా కనిపిస్తే వాటినీ పైరు కింద కట్టేస్తుంది.

పైచూపు రాశారు:

ఎన్‌డీవీఐ ఆగిపోవడం మామూలే. ఎల్ఏఐ 3 దాటేసరికి ఎర్ర వెలుగు దాదాపు మొత్తం ఆకులే మింగేస్తాయి, ఇంక తగ్గడానికి మిగలదు. పైరు నుంచి తిరిగివచ్చే ఎరుపు వాటా 0.04, పరారుణం వాటా 0.40 అయితే ఎన్‌డీవీఐ 0.82. పైరు పెరిగి పరారుణం 0.46కి వెళ్ళినా వచ్చేది 0.84 మాత్రమే. ఎరుపుకీ పరారుణానికీ మధ్య ఉండే రెడ్ ఎడ్జ్ పట్టీలు, సెంటినెల్-2లో 5, 6, 7, ఇంకొంత దూరం కదులుతాయి. కానీ అవి 20 మీటర్ల పిక్సెళ్ళు. ఎకరం మడి 63 మీటర్ల చదరం అనుకున్నా, గట్టు, తాటిచెట్టు నీడ తగలని పిక్సెళ్ళు ఒకటో నాలుగో మిగులుతాయి.

మీ 0.82 సరైనదిగానే కనిపిస్తోంది. దట్టమైన పైరుకు 0.56 లాంటి అంకె వస్తోందని అడిగేవాళ్ళూ ఉంటారు, వాళ్ళ కోసం ఈ ముక్క. 2022 జనవరి 25 నుంచి వచ్చే సెంటినెల్-2 బొమ్మల్లో ప్రతి పట్టీకీ 1,000 కలిపి ఇస్తున్నారు. 10,000తో భాగించే ముందు అది తీసేయాలి. తీయకపోతే పై ఉదాహరణలో 0.82 కాస్తా 0.56 అవుతుంది. ఎర్త్ ఇంజిన్‌లో హార్మొనైజ్డ్ అని ఉన్న సేకరణ వాడితే వాళ్ళే సర్ది ఇస్తారు.

నాటిన మొదటి నెలలో ఎన్‌డీవీఐ పైరుదా, నీటిదా అన్నది కూడా చూసుకోవాలి. నీరు పరారుణాన్ని మింగేస్తుంది. మడి ఆరగట్టిన రోజు, నీరు నిండిన రోజు అదే పైరు వేరుగా కనిపిస్తుంది. నీరు పెట్టిన తేదీలు రైతును అడిగి రాసుకోండి.

చిరుపొట్ట రాశారు:

కృతజ్ఞతలు. చివరిగా, థీసిస్‌లో ఏ అంకె రాయాలి? 4.8, 4.4, 4.3?

తూకంపళ్ళెం రాశారు:

దేనికోసం అన్నదాన్ని బట్టి. దిగుబడి, పొడిబరువు ఎకరం లెక్కన చెబుతున్నారు కాబట్టి పెరుగుదల విశ్లేషణకు 4.4 రాయండి, కాలిబాట కలిపిన అంకె అని పక్కనే చెప్పండి. 4.8, 4.3 పద్ధతుల పోలిక పట్టికలోకి.

ఎండకడ్డీ రాశారు:

ఎండ ఎంత వాడుకుంది అన్నది మీ ప్రశ్న అయితే ఎల్ఏఐ దాకా వెళ్ళనే వద్దు. 1 నుంచి 0.222 తీస్తే 0.78, పైరు ఆపిన వెలుగు వాటా నేరుగా కొలిచిన అంకె, అందులో కై ఊహ ఏదీ లేదు. కాకపోతే అది మధ్యాహ్నపు వాటా. పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండలో ఇంకా ఎక్కువ ఆగుతుంది కాబట్టి రోజు మొత్తానికి 0.78 వాడితే తక్కువ చెప్పినట్టవుతుంది. రెండు గంటలకోసారి కొలిచి, పైవెలుగుతో తూచి సగటు తీయండి.

వెన్ను బయటపడ్డాక కడ్డీతో ఎల్ఏఐ అని రాయకండి. కంకులు పైరు పైకి వచ్చి కూర్చుంటాయి, కింద ఆకులు పండుతుంటాయి, రెండూ వెలుగును ఆపుతూనే ఉంటాయి. కోతలో పచ్చాకు 4.4 నుంచి 2కి దిగినా కడ్డీ అంకె కదలదు. అప్పటినుంచి కాలమ్ పేరు మార్చి మొక్క విస్తీర్ణ సూచిక అని పెట్టండి, పచ్చాకు కోసం కోత ఒక్కటే దిక్కు.